తోసి చూసే లై గారు

లై గారు కనబడిన ప్రతి మనిషినీ తోస్తారు. కోపం వచ్చి కాదు, ఎగతాళికీ కాదు. "భోంచేశారా" అని మీరు పలకరించేలోపు ఆయన అరచెయ్యి వచ్చి మీ భుజం మీద ఆనుతుంది. ఆనినట్టు మీకు తెలిసేసరికి మీరు రెండడుగులు వెనక్కి పోయి ఉంటారు, మీ చేతిలోని టీ మీ చొక్కా మీద ఉంటుంది. ఆయన మాత్రం దూరంగా ఏదో శబ్దం వింటున్నట్టు తల పక్కకి వంచి, "బరువంతా మడమల్లో వేసుకుని తిరుగుతున్నావు నాయనా, చూసుకో" అని చెప్పి తన దారిన తాను పోతారు.

మా మియావోలీ కొండల కింద ఆయన చెయ్యి పడని భుజం లేదు. పోస్టుమాన్‌ని తోస్తే సైకిలుతో సహా వరి మడిలో దిగబడ్డాడు. అప్పటినుంచీ అతను లై గారి ఉత్తరాలు గోడ మీంచి విసిరి పారిపోతాడు. పన్ను పీకించుకోడానికి వెళ్ళి, కుర్చీ ఎక్కబోయే ముందు డాక్టర్ని తోసి చూశారు. నా నోట్లో కత్తి పెట్టేవాడు ఏ కాలి మీద నిలబడ్డాడో నాకు తెలియక్కర్లేదా అని ఆయన వాదన. మా మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకుని తోస్తే వాడు వెళ్ళి పూలకుండీలో కూర్చున్నాడు. పెళ్ళికూతుర్ని తోస్తే ఆమె కదల్లేదు. ఈ ఇంటికి ఇక భయం లేదని చెప్పి, చదివింపుల డబ్బున్న ఎర్ర కవరు ఆ పిల్ల చేతిలో పెట్టి, లై గారు నింపాదిగా భోజనాల వైపు నడిచారు.

మా వీధి చివరి గుళ్ళో భూమి దేవుడి విగ్రహాన్ని కూడా వదల్లేదు. అగరొత్తులు గుచ్చి, దణ్ణం పెట్టి, పనిలో పనిగా దేవుడి భుజం మీద చెయ్యేసి నొక్కారు. గుడి కమిటీ వాళ్ళు పిలిచి నిలదీశారు. "ఆయన కూర్చునే ఉన్నాడుగా, ఏమీ కాలేదు" అన్నారు లై గారు. ఏమైనా అయి ఉంటే మా గతేమిటని కమిటీ పెద్ద అడిగాడు. అడిగినవాణ్ణి కూడా తోశారు.

ఇదంతా పార్కులో పుట్టిన జబ్బు. తెల్లవారుతూనే అక్కడ తాయ్ చీ సాధన చేసేవాళ్ళు ఇద్దరిద్దరుగా నిలబడి, మోచేతుల మీద మోచేతులు ఆన్చి, ఒకరినొకరు మెల్లగా తోసుకుంటారు. అవతలివాడి బరువు ఎక్కడుందో చేత్తో కనిపెట్టడం అందులో కిటుకు. యాభై ఏళ్ళు ఆ పని చేసిన లై గారికి పార్కు ఎక్కడ ముగుస్తుందో, ఊరు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. పార్కులో చేస్తే సాధన, టీ కొట్లో చేస్తే దౌర్జన్యం అని ఆయనకి చెప్పగల మొనగాడు మా ఊళ్ళో పుట్టలేదు.

పైగా ఆయన తావో మార్గం మనిషి. దేన్నీ బలవంతం చెయ్యకూడదు, నీళ్ళు చూడండి, అవి ఎవరితోనూ పోట్లాడవు, అయినా వెళ్ళాల్సిన చోటికి వెళతాయి, అని గంటల తరబడి చెబుతారు. చెబుతూ చెబుతూ తోస్తారు.

ఆయన వృత్తి కంచు బొమ్మలు చెయ్యడం. ఆ బొమ్మలకి ముఖాలుండవు. వదులు లాగులు, బుజ్జి పొట్టలు, గాలిని మోస్తున్నట్టు చేతులు. ఒక్కొక్కటీ తాయ్ చీలో ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి మారుతున్న మనిషి. బరువంతా ఒక కాల్లో ఉంటుంది, రెండో కాలు ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేస్తుందన్నట్టు ఉంటుంది. బొమ్మ బలం కంచులో లేదు, లోపలి ఖాళీలో ఉందని ఆయన అంటారు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను గానీ, ఖాళీ మీద నాకూ గౌరవమే. ఎంత ఖాళీ ఉంటే అంత బరువు తక్కువ, మోసేది నేను కాబట్టి.

మాది వాగు పక్కన రేకుల షెడ్డు, అందులో కంచు పోత పోస్తాం. యజమాని త్సాయ్ అన్న. సొంత అన్న కాదు, కానీ ఇరవై ఆరేళ్ళు కంచు కరిగించే ఒకే మూసకి చెరో వైపు పట్టుకున్నవాళ్ళకి వేరే చుట్టరికం అక్కర్లేదు. కరిగిన కంచుతో ఉన్న మూసని ఇనప చట్రంలో దించుతాం. చట్రానికి ముందొక కాడ, వెనకొక కాడ. వెనక కాడ నాది, నా పని మొయ్యడమూ నోరు మూసుకోవడమూ. ముందు కాడ అన్నది. ముందువాడు దారి చూసి నడవాలి, అచ్చు దగ్గర ఆగాలి, మూసని వంచి అచ్చు చిన్న నోట్లోకి ధార తెగకుండా పొయ్యాలి. కొలిమి నుంచి అచ్చు గుంట దాకా తొమ్మిది అడుగులు. ఆ తొమ్మిది అడుగుల్లో ముందువాడి కాలు తడబడితే ఇద్దరి కాళ్ళూ పోతాయి. ఇరవై ఆరేళ్ళలో అన్న ఒక్క చుక్క కింద వెయ్యలేదు.

ఆ యేడు కొత్త సంవత్సరం పండగ వెళ్ళిన పదో రోజున వేశాడు. ఆరో అడుగులో, కొలిమిలోంచి రాలిన చిన్న చిట్టెం గడ్డ మీద కాలు పడింది. ఎడమ మోకాలు దానంతటది మడత పడిపోయింది. గరిటెడు కంచు ఇసక మీద పడి బుసకొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు, పోత కూడా పూర్తి చేశాం. ఆ పూట షెడ్డులో నేనూ, అన్నా, టీ కోసం వచ్చిన లై గారూ తప్ప ఎవరూ లేరు. ముగ్గురమూ ఆ మాట ఎత్తలేదు. కానీ అన్న లాగు అంచున కాలిన చిల్లు, వదిన ఉతికేటప్పుడు ఆమెకి అంతా చెప్పేసింది.

మర్నాడు వదిన ఆ లాగు పట్టుకునే షెడ్డుకి వచ్చింది. "అరవై ఒకటి నిండాయి. మోకాలు నీకు చెప్పింది, నువ్వు వినలేదు, ఇప్పుడు నేను చెబుతున్నా. ముందు కాడకి ఇంకొకణ్ణి పెట్టుకో, లేకపోతే షెడ్డు మూసెయ్" అంది.

అన్న వక్క నమలడం ఆపాడు. అది ఆయనకి చాలా పెద్ద విషయం. "లై గారి బొమ్మ ఒప్పుకున్నాను. అది నా చేత్తోనే పోస్తాను. ఆ పోతలో చుక్క కింద పడితే నువ్వు చెప్పినట్టే వింటాను" అన్నాడు.

ఆ బొమ్మ పట్టణ కార్యాలయం వాళ్ళు పార్కు కోసం అడిగింది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు, పెద్దవాళ్ళ పండగనాడు, అక్కడ బండ మీద నిలబెట్టాలి. నడుమెత్తు బొమ్మ. లై గారు అంత పెద్దది ముందెప్పుడూ చెయ్యలేదు, మేమూ ఆయనకి అంత పెద్దది పొయ్యలేదు. ముందు కాడ లేకపోతే అన్న ఆ షెడ్డులో ఏం చేస్తాడో నేను ఊహించుకోలేకపోయాను. ఆయనా ఊహించుకోలేకపోయాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నా భయం కూడా చెప్పుకోవాలి. వెనకవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు. ఆ వీపుని నమ్ముకుని ఇన్నేళ్ళు నడిచాను. ఇప్పుడా నమ్మకం కొంచెం వదులైంది. అన్నా, నువ్వు పక్కకి తప్పుకో, అనడానికి నాకు నోరు రాలేదు.

లై గారు ఇవేవీ పట్టనట్టు బొమ్మ మట్టి నమూనా తెచ్చి మా బల్ల మీద పెట్టారు. దాన్ని చూడ్డానికి పట్టణ కార్యాలయం నుంచి ఔయాంగ్ అనే ఆఫీసరు వచ్చాడు. పాపం మంచివాడే, ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. చుట్టూ తిరిగి చూసి, బొమ్మ ఒంటికాలి మీద ఉందని బెంగపడ్డాడు. పిల్లలు ఎక్కుతారు, తుపానులొస్తాయి, ఆ రెండో కాలు కూడా కిందికి దించేసి రెండింటి మీదా సమంగా నిలబెడితే అందరికీ నిశ్చింత కదా అన్నాడు.

"మీరు ఎలా నిలబడ్డారు?" అని అడిగారు లై గారు.

"నేనా? రెండు కాళ్ళ మీదా సమంగానే."

లై గారు రెండు వేళ్ళు ఆన్చారు. రెండే. ఔయాంగ్ గారు వెనక ఉన్న సున్నపు బస్తాల మీద పడి, తెల్ల గౌను పెళ్ళికూతురులా లేచాడు.

"సమంగా నిలబడ్డవాడు ఎటూ జరగలేడు, అందుకే పడతాడు. ఒక కాలు నిండుగా, ఒక కాలు ఖాళీగా ఉన్నవాడికి తప్పుకోవడానికి చోటుంటుంది" అని లై గారు ఆయన చొక్కా దులుపుతూ చెప్పారు. బొమ్మ కాలు దించమని ఆ ఆఫీసరు మళ్ళీ అడగలేదు. మా షెడ్డుకి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నిలబడేవాడు.

ఆ రోజే లై గారు అన్నని కూడా తోశారు. అంతకుముందు అన్నని ఎప్పుడో యేడాదికోసారి తోసి వదిలేసేవారు. ఈసారి ఎడమ వైపు నుంచి తోశారు. అన్న వెళ్ళి గోనెసంచుల మీద పడ్డాడు. ఔయాంగ్ గారు చూశాడు, నేను చూశాను, భోజనం క్యారేజీ తెచ్చిన వదిన చూసింది. వదిన క్యారేజీ బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టింది.

అన్న లేచి, లై గారు వెళ్ళేదాకా ఆగి, నాతో అన్నాడు. "ఒరేయ్ అకీ, ఈ ముసలాడు నన్ను మళ్ళీ కూర్చోబెడితే నా ఇంటిపేరు త్సాయ్ కాదు."

మర్నాడు లై గారు వచ్చి మళ్ళీ కూర్చోబెట్టారు. ఆ మర్నాడు కూడా.

ఈలోగా నేను రబ్బరు అచ్చు తీసి, దాంట్లో మైనం పూసి, బొమ్మకి మొదటి మైనం ప్రతి తీశాను. మైనం బొమ్మ లోపల డొల్లగా ఉంటుంది. దాని మీదా లోపలా మట్టి పెట్టి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలో కంచు పోస్తాం. మైనం మీద ఏ గీత ఉంటే కంచు మీద అదే గీత. అందుకే నాకో అలవాటుంది. ప్రతి మైనానికీ లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట, మేకుతో దాని అంకె గీసి పక్కన నా బొటనవేలు నొక్కుతాను. నా బొటనవేలి మీద పాత కాలిన మచ్చ నెలవంకలా ఉంటుంది. మొదటి మైనానికి ఒకటి అని గీసి, వేలు నొక్కి, లై గారికి చూపించాను.

నా పనితనం నేనే చెప్పుకోకూడదు గానీ, ఆ మైనం వెన్నముద్దలా వచ్చింది. లై గారు ముందు అన్నని తోశారు. అన్న పడ్డాడు. తర్వాత మైనం చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచి, "ఎడమ మడమ ఎక్కువ తింది" అన్నారు.

మడమ ఏం తిన్నదో నాకు అర్థం కాలేదు. నచ్చని మైనాన్ని కరిగించి మళ్ళీ వాడుకోవడం మా పద్ధతి. లై గారు వద్దన్నారు. దీని తప్పులు ఇంటి దగ్గర కూర్చుని చదువుకుంటానని, తడి గోనె కప్పి, మా తోపుడు బండి మీద వేసుకుని తీసుకుపోయారు. ఆ సాయంత్రం సబ్బూ తువ్వాలూ పట్టుకుని షెడ్డు వెనక మా పంపు దగ్గరికి స్నానానికి వచ్చారు. ఇంట్లో ఏమైందని అడిగితే, "తొట్టిలో అతిథి ఉన్నారు" అన్నారు.

పెద్ద చేపని పెంచుతున్నారని ఊరంతా అనుకుంది. పండక్కి కోస్తారా అని చేపల కొట్టువాడు దారిలో ఆపి అడిగాడట. వాణ్ణి తోశారట. వేసవి వచ్చింది, వానలు వచ్చాయి, లై గారు రోజూ సాయంత్రం గొడుగు పట్టుకుని వచ్చి మా పంపు కింద స్నానం చేసి వెళుతూనే ఉన్నారు.

రెండో మైనం తీశాను. వీపు ఎవరి మాటో వింటోంది, పనికిరాదన్నారు. మూడోదానికి పొట్టలో ఖాళీ చాల్లేదన్నారు. నేను కొలకర్ర తెచ్చి, ఇది ఒకే అచ్చులోంచి వచ్చింది, మూడింటికీ ఒకే పొట్ట, కావాలంటే చూసుకోండి అని చూపించాను. ఖాళీని కర్రతో కొలిచే మనిషిని నిన్నే చూశానని నన్ను తోశారు. నాలుగోది బాగానే ఉంది గానీ దిగులుగా ఉందట. ముఖమే లేని బొమ్మకి దిగులెక్కడినుంచి వచ్చిందో ఆ తావో గురువులకే తెలియాలి. నేను కరిగించడం, పుయ్యడం, తియ్యడం, మళ్ళీ కరిగించడం. నా ఒంటికి మైనం వాసన పట్టి, కొట్లో నన్ను కొవ్వొత్తులు అడగడం మొదలుపెట్టారు.

ప్రతిసారీ వరస ఒకటే. ముందు అన్నని తొయ్యాలి, తర్వాత మైనానికి వంక పెట్టాలి.

అన్న మాత్రం మొండికేశాడు. మైనం సంగతి ఆయనకి పట్టలేదు, ముసలాడికి పడకూడదు, అంతే. కొలిమి వెనక ఎడమకాలి మీద నిలబడి వక్క నమిలేవాడు. ఎర్ర ఉమ్మి డబ్బాలో సూటిగా పడేదాకా కాలు మార్చేవాడు కాదు. ఫోను వస్తే ఒంటికాలి మీద మాట్లాడేవాడు. ఇంట్లో గంజి తాగేటప్పుడు కూడా అలాగే నిలబడుతున్నాడని వదిన నాతో మొరపెట్టుకుంది. "కొంగని కట్టుకున్నానో మనిషిని కట్టుకున్నానో తెలియడం లేదు అకీ" అంది. అయినా ఆమె గిన్నె ఆయన చేతికి అందేంత ఎత్తులో పెట్టడం నేను చూశాను.

నాలుగో నెలలో లై గారు తోస్తే అన్న ఒక్క అడుగే వెనక్కి వేశాడు. అయిదో నెలలో ఊగాడు గానీ అడుగు వెయ్యలేదు. ఆరో నెలలో ఒకరోజు లై గారి అరచెయ్యి వచ్చి ఆనేసరికి అన్న ఎడమ భుజం అక్కడ లేదు. ఎక్కడికి పోయిందో నేను చూడలేదు. లై గారే ముందుకి తూలి, నా మైనం డబ్బా పట్టుకుని ఆగారు. అన్న ఆ పూటంతా ఈల వేశాడు.

ఇక మైనం ఒప్పుకుంటారని నేను సంబరపడ్డాను. ఏడోది చూపించాను. లై గారు కళ్ళు చికిలించి, కుడి భుజం తొందరపడుతోందన్నారు.

ఔయాంగ్ గారు గోడకి ఆనుకునే గోల పెట్టాడు. ఏడో నెల వచ్చేస్తోంది. దెయ్యాలు తిరిగే ఆ నెలలో మేము పెద్ద పోత పొయ్యం, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అది దాటితే పండక్కి మిగిలేది నెలా తొమ్మిది రోజులు. అచ్చు ఎండాలి, కాల్చాలి, పొయ్యాలి, రాపిడి పెట్టాలి, రంగు పట్టించాలి. ఆలస్యమైతే ఆ బండ ఉత్తదిగా ఉంటుంది, పండగనాడు పెద్దవాళ్ళందరి ముందూ నేను ఏం చెప్పాలి అన్నాడు. లై గారు ఖాళీ బండ కూడా బాగానే ఉంటుందన్నారు. ఆ మాటకి నేనే ఆయన్ని తొయ్యబోయాను.

ఏడో నెల ఆఖర్న ఎనిమిదో మైనం తీశాను. లై గారు ఎప్పటిలా ముందు అన్న దగ్గరికి వెళ్ళారు. ఈసారి ఒక చేత్తో కాదు, రెండు చేతులతో తోశారు, ఎడమ నుంచి, కుడి నుంచి, వెనక నుంచి. అన్న వక్క నములుతూనే ఉన్నాడు. లై గారు చెయ్యి తీసి, ఆ చెయ్యిని కాసేపు చూసుకుని, మైనం దగ్గరికి వచ్చారు. ఇది పరవాలేదు, మడమ ఒక్కటీ ఇంట్లో సరిచేసి రేపు తెస్తానని బండి మీద వేసుకుని వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే తెచ్చి, "ఇదీ బొమ్మంటే" అన్నారు. నాకు మాత్రం అది అచ్చం మొదటిదానిలా కనబడింది. అప్పటికి ఎనిమిది తీసి ఉన్నాను, నాకన్నీ అలాగే కనబడుతున్నాయి. అన్న దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి లోపల మట్టి నింపాడు. ఆ పని ఎప్పుడూ ఆయనదే. ఆ సాయంత్రం నుంచి లై గారు మా పంపు దగ్గరికి స్నానానికి రావడం మానేశారు. చేపని కోసేసి ఉంటారని ఊరు తేల్చేసింది.

ఎనిమిదో నెల ఆరో రోజున పోత. కొలిమికి అరటిపళ్ళూ అనాసపండూ పెట్టి, అగరొత్తులు వెలిగించాం. వదిన గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఔయాంగ్ గారు గోడ దగ్గర. లై గారు అచ్చు గుంటకి అవతల, చేతులు వెనక్కి కట్టుకుని.

మూసని చట్రంలో దించాం. కంచు నారింజరంగు దాటి పసుప్పచ్చగా ఉంది, దాదాపు మనిషంత బరువు. అన్న "నడు" అన్నాడు. నేను ఆయన వీపు మీద చూపు పెట్టి నడిచాను. ఒకటి, రెండు, మూడు. షెడ్డంతా నేను ఆ పొద్దునే రెండుసార్లు ఊడ్చాను. అయినా అయిదో అడుగులో అన్న ఎడమకాలి కింద టపీమని చప్పుడైంది. అనాసపండు నుంచి ఊడిన తల, మా పూజ తాలూకుదే, కాలి కింద దొర్లింది.

ఎడమకాలు దొర్లినంత దూరం దొర్లింది, కానీ దాంట్లో అన్న లేడు. బరువంతా అప్పటికే కుడికాల్లోకి వెళ్ళిపోయింది. ఆయన వీపు ఒక బెత్తెడు కిందికి దిగింది, అంతే. మూసలో కంచు ఒకసారి మెల్లగా ఊగి, అంచు దాకా వచ్చి, వెనక్కి వెళ్ళింది. ఎడమకాలు తాపీగా ఆ తలని పక్కకి నెట్టి, నేల వెతుక్కుని ఆనింది.

"నడు" అన్నాడు అన్న.

మిగతా నాలుగడుగులూ నడిచాం. ధార తెగకుండా పోశాడు. అచ్చు పైనోట్లో కంచు నిండి మెరిసేదాకా పోశాడు. ఇసక మీద ఒక్క చుక్క లేదు. మూస దించి నేను తల ఎత్తేసరికి గుంటకి అవతల లై గారు కనబడలేదు. బోర్లించిన బకెట్టు మీద కూలబడి ఉన్నారు. పక్కనే ఔయాంగ్ గారు ఉన్నాడు, ఎదురుగా వదిన ఉంది, అయినా ఎవర్నీ తొయ్యలేదు. ఏమైందని అడిగితే ఎండగా ఉందని చెప్పారు. షెడ్డులో ఎండెక్కడిది.

వదిన లేచి వచ్చి అన్న లాగు అంచు రెండు వైపులా తిప్పి చూసింది. చిల్లు లేదు. "నీ ఇష్టం" అని, స్టూలు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మా వదిన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

మూడో రోజున అచ్చు పగలగొట్టాం. పైన మట్టి నేను రాల్చాను, లోపలి మట్టి ఊచతో గీకి తీశాను. బొమ్మని పడుకోబెట్టి, ఎక్కడైనా మట్టి మిగిలిందేమోనని టార్చి వేసి లోపలికి తొంగిచూశాను. కంచు లోపలి గోడ మీద, తుంటి దగ్గర, ఎనిమిది అన్న అంకె ఉండాలి. అక్కడ ఒకటి ఉంది. పక్కన నెలవంక మచ్చతో నా బొటనవేలు.

టార్చి ఆర్పి మళ్ళీ వేశాను. ఒకటే.

మడమ ఎక్కువ తిన్న ఆ మొదటి మైనమే. ఎండల్లో మెత్తబడకుండా, వంగిపోకుండా, ఆరు నెలలు ఆయన స్నానాల తొట్టిలో చన్నీళ్ళలో తేలుతూ ఉన్న అతిథి. నేను ఎనిమిదోది చేసి ఇస్తే ఇంటికి పట్టుకెళ్ళి దీన్ని తెచ్చి ఇచ్చారు. మైనానికి మొదటి రోజు నుంచీ ఏ వంకా లేదు. మధ్యలో ఆరు మైనాలు, నా ఒళ్ళంతా కొవ్వొత్తి వాసన, ఔయాంగ్ గారి నిద్ర, లై గారి స్నానాలు, అన్నీ ఒక మోకాలి కోసం ఖర్చయ్యాయి. ఆ మనిషి పెద్ద ఊరి కార్ఖానాకి బొమ్మని పట్టుకుపోవచ్చు. ముందు కాడకి వేరేవాణ్ణి చూడమని ఒక్క మాట అనవచ్చు. అలా అంటే అన్న ఏమైపోతాడో ఆయన చేత్తోనే తెలుసుకున్నట్టున్నారు. ఎవర్నీ ఏమీ బలవంతం చెయ్యకుండా, రోజూ వచ్చి తోసి వెళ్ళారు. నాకు ఆయన మీద ఒక్కసారిగా ఎంతో ప్రేమ పుట్టుకొచ్చింది, చాలా చిరాకు కూడా వచ్చింది.

అన్నని పిలిచి టార్చి చేతిలో పెట్టాను. ఆయన వంగలేదు.

"చూశాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"మట్టి నింపేటప్పుడు. నీ బొటనవేలు నాకు తెలియదూ?"

"మరి ఆయన్ని అడగలేదా అన్నా?"

"అడిగితే ఏం చేస్తాడు? తోస్తాడు." కాసేపు వక్క నమిలి, "కోపం మాత్రం వచ్చిందిరా. అందుకే అంత జాగ్రత్తగా పోశాను" అన్నాడు.

పండగనాడు బొమ్మ బండ మీద నిలబడింది. ఔయాంగ్ గారు ఉపన్యాసంలో సమతూకం గురించి ఎంతో చక్కగా మాట్లాడాడు, ఒక కాలు నిండుగా ఒక కాలు ఖాళీగా నిలబడి మాట్లాడాడు. తర్వాత పార్కులోని ముసలివాళ్ళందరూ వరసలో వచ్చి బొమ్మని తోశారు. ఇన్నేళ్ళుగా తాము పడ్డదంతా ఆ రోజు తీర్చుకున్నారు. అది కదల్లేదు. ఇప్పటికీ పొద్దున్నే అటు వెళ్ళే ప్రతివాడూ ఒకసారి తోసి వెళతాడు, దాని ఎడమ భుజం అద్దంలా మెరుస్తోంది.

అన్న ఇంకా ముందు కాడే పట్టుకుంటున్నాడు. లై గారు ఇప్పుడాయన్ని తొయ్యడం లేదు. వచ్చి టీ తాగి, వీపు మీద ఒకసారి చరిచి పోతారు.

చలికాలంలో ఆయన ఇంకో బొమ్మ మట్టి నమూనా తెచ్చారు. నేను రబ్బరు అచ్చు తీసి, మొదటి మైనం తీసి, ఒకటి గీసి, వేలు నొక్కి, బల్ల మీద నిలబెట్టాను. లై గారు మైనం వైపు వెళ్ళలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి తోశారు. నేను మూడడుగులు వెనక్కి పోయి గోనెసంచుల మీద కూర్చున్నాను. అప్పుడు మైనం దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, పెదవి విరిచారు.

"ఎడమ మడమ ఎక్కువ తింది" అన్నారు.

నేను అన్న వైపు చూశాను. అన్న వక్క నములుతూ నా మోకాళ్ళ వైపు చూస్తున్నాడు.

లై గారు తోపుడు బండి అడిగారు. మైనం మీద తడి గోనె కప్పి, జాగ్రత్తగా తాడు కట్టి, వాగు గట్టు మీదుగా తోసుకుంటూ వెళ్ళారు. ఆ సాయంత్రం సబ్బూ తువ్వాలూ పట్టుకుని ఆయన మా పంపు దగ్గరికి వచ్చేసరికి, నేను కొలిమి వెనక ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను.